బండి ఎందాకా వస్తుంది?

"గుమ్మం దాకా వస్తదా అండి?"

తణుకులో బీరువా కొన్నా, సిమెంటు బస్తాలు కొన్నా, పెళ్లికి వంటసామాన్లు అద్దెకు మాట్లాడుకున్నా, బేరం తెగాక కొట్టాయన్ని అడిగే ఆఖరి మాట ఇదే. "ఆయ్, వచ్చేస్తదండి" అంటూ ఆయన ఫోను తీస్తాడు. కాసేపటికి ఓ టాటా ఏస్ వచ్చి, వెనక తలుపు కొట్టు మెట్లకు ఆనేలా నిలబడుతుంది. బజారుకు కొత్తగా వస్తున్న కుర్రకారుకు ఇందులో వింతేమీ లేదు. వాళ్ల తాతల కాలంలో మాత్రం ఇది అడగదగ్గ మాటే కాదు. బండి ఎక్కడ ఆగితే అక్కడికి సరుకే వెళ్లేది, మనిషి నెత్తిమీదో భుజంమీదో.

గోదావరి డెల్టాలో సరుకు రవాణా కథ చెప్పాలంటే ఇంజిన్ల బలం, చక్రాల లెక్క తర్వాత చూసుకోవచ్చు. ఏ బండి ఎక్కడిదాకా వచ్చి ఆగిందన్నదే ముందు చూడాలి. ఆగిన చోటినుంచి ఇంటిదాకా ఉన్న ఆ కాస్త దూరంలో ఎన్నో బతుకులు నడిచాయి.

మొదట ఆగింది పడవ. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. అక్కడినుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో ఊరుకోలేదు, సరుకునూ మోశాయి. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు రైలు కన్నా కాలువ మీదే గురి ఎక్కువ. పెద్ద కాలువల మీద మెరకా పల్లం తేడా వచ్చినచోట లాకులు కట్టారు. పడవ లోపలికి వచ్చాక తలుపులు మూసి, నీటిమట్టం పెంచో దించో అవతలికి వదిలేవారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు వెంట మనిషే తాడు పట్టి లాగడం. ధాన్యం, కలప, ఉప్పు, పెంకులు అన్నీ అలాగే కదిలాయి. అయితే పడవ రేవు దాటి ఒక్క అడుగు వేయలేదు కదా. రేవునుంచి ఊళ్లోకి సరుకు రావాలంటే ఎడ్లబండే గతి.

ఆ ఎడ్లబండి గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఇప్పుడది సంక్రాంతి ముగ్గుల మీదా, హోటళ్ల ముందు అలంకారంగానూ తప్ప కనిపించడం లేదు. దాన్ని అంత అందమైన వస్తువుగా చూసే తీరిక, దాన్ని తోలిన వాళ్లకు ఉండేది కాదు. వడ్రంగి చక్రం చేసేవాడు. మధ్యన కుంభం, దాంట్లోంచి ఆకులు, వాటి చివర వంపు తిరిగిన చెక్కముక్కలు. ఆ చక్రానికి ఇనప పట్టా తొడగడం కమ్మరి వంతు. చక్రం కన్నా పట్టా పిసరంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురూ పటకార్లతో పట్టుకుని చక్రం మీదికి దించి, చటుక్కున నీళ్లు గుమ్మరించేవారు. పొగా ఆవిరీ పైకి లేస్తుంటే పట్టా బిగుసుకుని, కర్రలన్నీ కిర్రుమంటూ ఒక్కటయ్యేవి. చూడ్డానికి బళ్లోంచి పిల్లలు పారిపోయి వచ్చేవారు. ఇరుసుకు కందెన, ఎడ్ల డెక్కలకు నాడాలు, మెడలో పట్టెడలు, మువ్వలు. దాపటి ఎద్దు ఒక రకం, వలపటి ఎద్దు ఇంకో రకం. అటుది ఇటు కడితే అడుగు వేసేవి కావు.

ఇంతా చేసి ఆ బండి మోసేదెంత? డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. దారి బాగుంటే పది బస్తాలు, కాస్త పైన. వానాకాలం నల్లరేగడి బురదలో అందులో సగమూ కష్టమే. ఈ పది బస్తాల లెక్క గుర్తుపెట్టుకోవాలి. చాలా దూరం తిరిగి మళ్లీ ఇక్కడికే వస్తాం.

రాత్రి ప్రయాణాలు ఎక్కువ. బండి కింద ఇరుసుకు లాంతరు వేలాడేది. వరసలో ముందు బండివాడు మెలకువగా ఉంటే చాలు, వెనక వాళ్లు బస్తాల మీద పడుకుని నిద్రపోయేవారు. దారి ఎడ్లకు తెలుసు. ఇళ్లల్లో పడుకున్నవాళ్లకు మువ్వల చప్పుడును బట్టే ఎవరి బండి వెళుతోందో తెలిసేది. వరసలో ఒక బండికి చక్రం దిగబడితే మిగతావన్నీ ఆగేవి. అందరూ దిగి, చక్రాల ఆకుల్లో చేతులు పెట్టి నెట్టేవారు. ఒంటరిగా బండి కట్టుకుని దూరం వెళ్లిన వాణ్ణి ధైర్యవంతుడని ఎవరూ అనలేదు, తెలివితక్కువవాడనే అనుకున్నారు.

తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ ఆంధ్రా షుగర్స్ కంపెనీని 1947లో స్థాపించాక చెరకు బళ్ల కాలం వచ్చింది. క్రషింగ్ మొదలైతే ఫ్యాక్టరీ రోడ్డు బళ్లతో నిండిపోయేది. అప్పటికి ఇనప పట్టాల చోట రబ్బరు టైర్లు రావడం మొదలైంది. పాత లారీల ఇరుసులు, అరిగిన టైర్లు బిగించిన 'టైరుబండి' పట్టాల బండి కన్నా ఎక్కువ మోసింది, ఎడ్లకు శ్రమా తగ్గింది, తారురోడ్డూ బతికింది. తూకం కోసం గంటల కొద్దీ కాపు కాయడం, బండి కిందే చద్దిమూట విప్పడం, ఎడ్లకు చెరకు ఆకు వేయడం, వెనకనుంచి పిల్లకాయలు గడలు లాగితే ముల్లుకర్ర ఝళిపించి తిట్టడం. ఆ తిట్లలో కోపం పాలు తక్కువే. బండెడు చెరకులో నాలుగు గడలు పిల్లల పాలని ముందే రాసిపెట్టి ఉండేది.

అదే కంపెనీ 1980ల్లో తణుకులో రాకెట్ ఇంధనం తయారీకి దిగింది. ఇస్రో వాడే ద్రవ ఇంధనాన్ని ఈ ఊళ్లో చేస్తున్న రోజుల్లోనే చెరకు ఎడ్లబళ్ల మీదా వస్తోంది. దీన్ని వింతగా చెప్పుకునేవాళ్లు 1981 నాటి ఫొటో ఒకటి గుర్తుచేసుకోవాలి. బెంగళూరులో యాపిల్ ఉపగ్రహాన్ని పరీక్ష కోసం ఎడ్లబండి ఎక్కించారు. ఇనుము తగలని వాహనం కావాలన్న శాస్త్రజ్ఞులకు చెక్కబండి పనికొచ్చింది. వెనకబాటుతనానికి గుర్తుగా చూపించే ఆ ఫొటోలో నిజానికి ఉన్నది పనికి తగ్గ బండిని ఎంచుకునే ఇంగితం.

లారీ వచ్చాక పడవ పనైపోయింది. కలకత్తా మద్రాసు రోడ్డు తణుకు మీదుగానే పోతుంది. పాతవాళ్లకు అది ఐదో నంబరు హైవే, 2010 తర్వాత లెక్కలో పదహారు. లారీకి దూరాభారం లేదు. దానికి చేతకానిది ఒక్కటే, మలుపు తిరగడం. పెద్దరోడ్డు మీదో మిల్లు ఆవరణలోనో ఆగిపోయేది. అక్కడినుంచి ఊళ్లోకి సరుకు దించడానికి జట్టు కూలీలు ఉండేవారు. తలకు తువ్వాలు చుట్టి, చేతిలో ఇనప కొక్కెం పట్టుకుని, వంగిన వీపు మీదికి బస్తా ఎక్కించుకుని, పలక వంతెన మీద ఒకే లయలో అడుగులు వేసేవారు. జట్టుకు మేస్త్రీ, కూలికి లెక్క, ఎవరి కొట్టు ఎవరి జట్టుదన్న హద్దులు అన్నీ ఉండేవి. వాళ్ల తర్వాత ఒంటెద్దు బళ్లు, తోపుడు బళ్లు, రిక్షాలు. బియ్యం బస్తా రిక్షాలో అడ్డంగా పెట్టుకుని, దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఇల్లాలిని చూడని వీధి డెల్టాలో లేదు.

లారీకీ రిక్షాకీ మధ్యన పెద్ద ఖాళీ ఉంది. దేశమంతా ఉన్న ఆ ఖాళీలోకి మొదట దూరింది టెంపో.

హాంబర్గ్‌లోని విడాల్ కంపెనీ నమూనాతో, 1958లో ఏర్పడిన బజాజ్ టెంపో మన దేశంలో ఈ మూడు చక్రాల బండ్లను తెచ్చింది. ముందు ఒకటే చక్రం, దాని మీదే ఇంజిన్, పొడుగాటి మూతి. చూస్తే అడవిపందిలా ఉంటుందని వెక్కిరించినవాళ్లే సరుకు దించాల్సి వస్తే దాన్నే పిలిచారు. తర్వాత అదే కంపెనీ నుంచి మెటాడోర్ వచ్చింది. 'మెటాడోర్ వ్యాన్' అన్నది పెళ్లిబృందాలకూ, ద్వారకాతిరుమల యాత్రలకూ, నాటకసమాజాల తెరలకూ, శవయాత్రలకూ ఒకటే పేరు. పొగ, మోత సంగతి అటుంచితే చెడిపోయిన చోటే బాగుచేసుకోగల బండి అది. క్లీనర్ చేతిలో ఒక పానా, నోట్లో ఒక తిట్టు ఉంటే చాలని పాత డ్రైవర్లు నవ్వుతారు.

1980ల నడుమ జపాను కంపెనీలు వచ్చాయి. టొయోటాతో డీసీఎం, మజ్దాతో స్వరాజ్, మిత్సుబిషితో ఐషర్ జతకట్టాయి. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో, బస్సులకూ ఫ్రిజ్‌లకూ పేరుపడ్డ హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో లైట్ ట్రక్కులు చేసింది. ఈ నాలుగింటికీ జవాబుగా టాటా వాళ్లు ఎవరి సాయమూ లేకుండా 1986లో 407 దింపారు. జవాబు గట్టిదే. 'ఫోర్‌నాట్‌సెవెన్' అన్న పేరు ఇంగ్లిషు రాని నోళ్లలోనూ నానింది. రోడ్లు ఎలా ఉన్నా, లోడు ఎంత మోపినా ఓర్చుకుంది.

ఓడినవాళ్లు కూడా పూర్తిగా పోలేదు, భాషలో మిగిలారు. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్, 1889లో పుట్టిన బట్టల మిల్లు. ఆ మిల్లు పేరున్న ట్రక్కు కంపెనీ 1990ల నడుమకే దేవూ చేతికి మారింది. అయినా తెలుగు పత్రికల్లో ఇవాళ్టికీ 'డీసీఎం వ్యాను బోల్తా' అన్న శీర్షిక కనిపిస్తుంది. బోల్తాపడ్డ బండి ఏ కంపెనీదైనా సరే. బట్టల మిల్లు బండి పేరై కూర్చుందని రాసేవాళ్లకూ తెలియదు, చదివేవాళ్లకూ తెలియదు.

407 ఆగింది ఊరి సెంటర్లో. ఊళ్లో పెద్దవీధి దాకా సరే. ఎదురుబొదురు అరుగులున్న సందుల్లోకి దూరితే వెనక్కి రావడానికి వీధివీధంతా కేకలు పెట్టాలి. "రానీ... రానీ... ఆపు!" అరుగు అంచు విరిగితే తగువు. కాబట్టి ఆ ఆఖరి నూరు గజాలూ ఇంకా రిక్షావాడివీ తోపుడుబండివాడివే.

ఆ నూరు గజాలు దాటిన బండి 2005 మేలో వచ్చింది. టాటా ఏస్.

దాని పుట్టుక కథ మెకానిక్కులు ఇష్టంగా చెప్పుకుంటారు. టాటా ఇండికా కారు ఇంజిన్ 1,405 సీసీ, నాలుగు సిలిండర్లు. దాన్ని సగానికి తెగ్గోసినట్టుగా రెండు సిలిండర్లు, 702 సీసీ, పదహారు గుర్రాల బలం. ధర రెండుంపావు లక్షల చుట్టూ. మోసేది 750 కిలోలు. ఆ బండి తయారుచేసిన బృందం ముందు మూడు చక్రాల బళ్లు తోలే వాళ్లను కలిసి ఏం కావాలో అడిగింది. అలా తోలేవాళ్లలో ఒక కుర్రవాడు, నాలుగు చక్రాల బండి ఉంటే పెళ్లిసంబంధాలు బాగా వస్తాయని చెప్పాడట. కంపెనీ వాళ్లు చాలా చోట్ల చెప్పిన ముచ్చట ఇది. గోదావరి జిల్లాల్లో దీన్ని నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కర్లేదు. 'ఆటో తోలతాడు' అన్న మాటకీ 'వ్యాన్ ఉంది' అన్న మాటకీ పెళ్లిచూపుల్లో ఎంత దూరమో ఇక్కడి పెళ్లిళ్ల పేరయ్యలకు బాగా తెలుసు.

ఇప్పుడు పాత లెక్కకు వద్దాం. 750 కిలోలంటే సరిగ్గా పది బస్తాల ధాన్యం. పుణెలో ఇంజినీర్లు డెల్టా ఎడ్లబండిని కొలిచి చేశారని అనలేం. కానీ లారీ, టెంపో, 407 అన్నీ తిరిగి, సరుకు చివరికి ఎడ్లబండి పట్టునే కోరుకుంది. ఒక ఇంటి అవసరం, ఒక కొట్టు రోజువారీ సరుకు, ఒక రైతు మార్కెట్‌కు వేసే కాయగూరలు అంతే ఉంటాయి మరి. ఏస్ లారీ పనినేమీ లాక్కోలేదు. హైవేలు నాలుగు వరసలై పెద్ద లారీలు ఊళ్ల బయటే ఆగడం మొదలయ్యాక వాటి దగ్గర దించిన సరుకును లోపలికి మోయడం దాని వంతైంది. మూలకు నెట్టింది ఎడ్లబండినీ రిక్షానూ. పాపం, ఆ రెంటికీ ఎదురుచెప్పే నోరు లేదు.

పది బస్తాలన్నది కాగితం మీది మాట. ఏస్ మీద ఇరవై ఎక్కించినవాళ్లు ఉన్నారు. ముందు చక్రాలు గాల్లోకి లేవబోతే బానెట్ మీద ఇద్దర్ని కూర్చోబెట్టారన్న కథలు వ్యాన్ స్టాండుల్లో వింటాం. అందులో అతిశయోక్తి ఎంతో తూచలేం. జట్టు కూలీల్లో కొందరి కొడుకులే ఫైనాన్స్ మీద ఏస్‌లు కొని డ్రైవర్లూ యజమానులూ అయ్యారు. తండ్రి వీపు మీద మోసింది కొడుకు స్టీరింగ్ వెనక కూర్చుని మోశాడు. ఎత్తుదింపులకు మాత్రం ఇప్పటికీ వీపే.

తణుకు చుట్టూ కోళ్లఫారాలు పెరగడం ఈ బండికి బాగా కలిసొచ్చింది. అట్టకు ముప్పై, పెట్టెకు ఏడు అట్టలు, అంటే 210 గుడ్లు. కలకత్తా దాకా పోయేవి పెద్ద లారీలు. పక్క ఊళ్ల కొట్లకూ, టిఫిన్ హోటళ్లకూ తెల్లారేసరికి అందించేది ఏస్. కడియం నర్సరీల మొక్కలు, రావులపాలెం అరటిగెలలు, పాలకొల్లు కొబ్బరికాయలు, భీమవరం చేపల ఐసు పెట్టెలు ఒక్కోటి ఒక్కో రకంగా సర్దాలి. మొక్కలకు నీడ కావాలి, గెలలకు అరటాకుల మెత్త కావాలి, చేపల నీళ్లు కారిపోవడానికి దారి కావాలి. ఏ సరుకుకు మోకు ఎక్కడ బిగించాలో ఇంకా కంపెనీ పుస్తకంలో రాయలేదు. ఎడ్లబండి మీద బస్తాలు పేర్చిన వాళ్లకు మాత్రం అది అలవాటే. 2007లో దీని తోబుట్టువుగా మనుషుల కోసం టాటా మ్యాజిక్ వచ్చాక, సరుకుల మధ్య మనుషులు కూర్చోవడం కొంత తగ్గింది. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం ఆ లెక్క ఎవరూ చూసుకోరు.

ఎడ్లకు పనున్నా లేకపోయినా మేత వేయాలి. ఏస్‌కు పనున్నా లేకపోయినా నెలనెలా కిస్తీ కట్టాలి. ఈ పోలిక డ్రైవర్లదే, రాసేవాళ్లు కనిపెట్టింది కాదు. ఒక తేడా మాత్రం వాళ్లు చెప్పరు. మేత వేయలేని రైతు ఎడ్లను పక్కింటివాడికి ఇచ్చి, పనైనరోజు అడిగి తెచ్చుకునేవాడు. కిస్తీకి అలాంటి పక్కిల్లు లేదు. పైగా వరసలో వెళ్లే బళ్ల పొత్తు కూడా పోయింది. ఇవాళ ఏస్ దారిలో ఆగిపోతే ముందు ఫోను మోగేది మెకానిక్‌కు. వెనక వస్తున్న ఏస్ ఆగాలన్న రూలేమీ లేదు. ఆగేవాళ్లు ఉన్నారు, అది వేరే సంగతి.

తరవాతి తరాలు త్వరత్వరగా వచ్చాయి. 2011లో చిన్నది జిప్, 2015లో పెద్దది మెగా, 2018లో గోల్డ్, 2020 కాలుష్య నియమాల తర్వాత పెట్రోలు ఇంజిన్లు, 2022లో బ్యాటరీ బండి. పోటీకి 2010లో మహీంద్రా మ్యాక్సిమో, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2015లో మహీంద్రాదే జీతో. జీతో తయారైంది మళ్లీ జహీరాబాద్‌లోనే, ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులు చేసిన ఊళ్లోనే. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో ధర అప్పుడు 3.99 లక్షల నుంచి మొదలైంది. దాని మోత బరువు చూడండి, మళ్లీ 750 కిలోలే. అప్పటికి 25 లక్షల మందికి పైగా ఏస్ ఇచ్చామన్నది కంపెనీ లెక్క.

అమెరికాలో పికప్ కథ ఇందుకు తలకిందులు. అక్కడ ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1948లో రైతు బండిగా మొదలై, తరం మారినకొద్దీ పెరిగి, ఇప్పుడు చాలామందికి ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే వాహనమైంది. మన శ్రీసిటీలో ఇసుజు 2016నుంచి చేస్తున్న డీమ్యాక్స్ వీక్రాస్‌దీ ఆ వరసే, ఊళ్లలోకి వస్తే జనం వెనక తొట్టి ఖాళీగా ఎందుకుందా అని చూస్తారు. డెల్టాలో పికప్ ఖాళీగా తిరిగితే యజమానికి నిద్ర పట్టదు.

ఏస్ గుమ్మం దాకా రావడం సర్కారు కంటా పడింది. 2021 జనవరి 21న విజయవాడలో రేషన్ వాహనాలను ప్రారంభించారు. రాష్ట్రమంతా కలిపి అవి 9,260. ఎక్కువ భాగం ఏస్ గోల్డ్‌లే. బియ్యం ఇంటికే వస్తుందన్నారు. వచ్చిన చోట వచ్చింది. వీధి మొదట్లోనే ఆపి పిలుస్తున్నారన్న ఫిర్యాదూ ఉండేది. 2025 జూన్ 1నుంచి ఆ వాహనాల పని ఆపి, మళ్లీ రేషన్ షాపులకే బియ్యం అప్పగించారు. సంచీ పట్టుకుని షాపు దాకా నడిచే పని జనానికి తిరిగొచ్చింది. ముసలివాళ్లకూ దివ్యాంగులకూ మాత్రం ఇంటికే ఇస్తామన్నారు.

తణుకు చుట్టుపక్కల పల్లెల్లో పాత పశువుల పాకలు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. తాటాకు పోయి రేకులు వచ్చాయి. లోపల ఎడ్లు లేవు, ఏస్ ఉంటుంది. పొడుగు సరిపోక మూతి కాస్త బయటికి వచ్చి, దానికి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ గాలికి ఊగుతుంటాయి. గోడవార సిమెంటు గాడి అలాగే ఉంది, పగలగొట్టడం దండగని వదిలేశారు. అందులో ఇప్పుడు జాకీ, పానాలు, రెండు మోకులు, అరిగిపోయిన స్టెప్నీ టైరు పడుకుని ఉంటాయి. కట్టుకొయ్యకు డ్రైవరు తన తువ్వాలు ఆరేసుకుంటాడు.